పురి తిరిగిన వెంట్రుక

"పదిహేను నిమిషాలు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గోడ గడియారం చూపిస్తూ. "పదహారో నిమిషం అడక్కండి మేడమ్."

"అందులో మీ మాటలకే ఒకటి పోయింది," అంది భూతద్దం, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

ఆమెకి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గాని, పోలీసు స్టేషన్లలోనూ కోర్టు వరండాల్లోనూ దాన్ని ఎవరూ వాడరు. ఇరవై రెండేళ్ళు నూలు మిల్లులో దారం నాణ్యత చూసే ఉద్యోగం చేసింది. మిల్లు మూతపడ్డాక ప్రైవేటు డిటెక్టివ్ అయింది. అప్పుడు మెళ్ళో వేలాడిన చిన్న భూతద్దం ఇప్పటికీ అక్కడే ఉంది. రెండేళ్ళ కింద ఇదే ఇన్‌స్పెక్టర్ పెట్టిన దొంగతనం కేసుని, చొక్కా గుండీకి మిగిలిన దారం ముక్కతో కోర్టులో కొట్టేయించింది. ఆ సంగతి అతను మర్చిపోలేదు. ఆమె మర్చిపోనివ్వలేదు.

బల్లకి అవతల ఆయా కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. మూడు రోజులుగా ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. ఆమె చూసుకుంటున్న అయిదు నెలల బాబు మంగళవారం మధ్యాహ్నం ఆసుపత్రిలో చనిపోయాడు. మెదడు చుట్టూ నెత్తురు గడ్డ. నాలుగు పక్కటెముకలు విరిగి ఉన్నాయి. బాబుకి ఫిట్స్ వచ్చినప్పుడు ఇంట్లో ఉన్నది ఆయా ఒక్కతే. అందుకే ఆమె మీద హత్య కేసు పెట్టారు. రేపు పొద్దున పదిన్నరకి కోర్టు. ఆయా భర్త సైకిళ్ళు బాగుచేసుకునే మనిషి. నిన్న వచ్చి భూతద్దం గుమ్మంలో కూలబడి, "అది చీమని కూడా నలపదండీ," అని అదొక్కటే పదిసార్లు చెప్పాడు.

"సోమవారం. మొదట్నుంచీ చెప్పు," అంది భూతద్దం. "టైములతో చెప్పు."

"ఎనిమిది నలభైకి అమ్మగారు ఆఫీసుకెళ్ళారు. తొమ్మిదింటికి పాలు కలిపాను. రెండు గుక్కలు తాగి వదిలేశాడు. పదిన్నరకి పడుకున్నాడు. పదకొండు ఇరవైకి చూస్తే ఒళ్ళంతా కొయ్యబారి ఉంది, కళ్ళు పైకి పోయాయి. అప్పుడే అమ్మగారికి ఫోన్ చేశాను. పన్నెండు లోపలే ఆసుపత్రికి పట్టుకెళ్ళాను."

"ఎత్తి పడేశావా? ఊపావా? కింద పడ్డాడా?"

"లేదండీ! వాడసలు మిగతా పిల్లల్లా ఉండేవాడు కాదు. ఎత్తుకుంటే తడిగుడ్డలా భుజం మీంచి జారిపోయేవాడు. అయిదు నెలలొచ్చినా మెడ నిలబెట్టలేదు. ఒళ్ళెప్పుడూ చల్లగా ఉండేది."

"ఇంట్లో వాళ్ళకి చెప్పలేదా?"

"చెప్పాను. అమ్మగారు డాక్టరుకి చూపించారు. ఆయన బలానికి చుక్కల మందు రాసిచ్చాడు." ఆయా ముందుకు వంగింది. "ఇంకొకటుందండీ. బాబుకి ఎప్పుడూ టోపీ ఉండాలి. తియ్యొద్దని వాళ్ళ అమ్మమ్మగారు నాచేత ఒట్టు వేయించుకున్నారు. పొద్దున్నే వచ్చి స్నానం కూడా ఆవిడే చేయించేవారు, ఎవర్నీ రానిచ్చేవారు కాదు. ఒకసారి ఎండగా ఉందని నేను తీశాను. ఆ జుట్టు... గిన్నెలు తోమే ఇనప పీచు లేదూ, అలా అరచేతికి గుచ్చుకుంది. ఆవిడ చూసి నా చెయ్యి పట్టి లాగిపారేశారు."

భూతద్దం రాసుకోవడం ఆపింది. ఆయా వకీలు సంపాదించిన ఎక్స్‌రే రిపోర్టు నకలు తీసి, అందులో ఒక వాక్యం కింద గోరుతో గీత గీసింది.

"నువ్వు పనిలో చేరి ఎన్నాళ్ళయింది?"

"సోమవారానికి ఇరవై ఆరు రోజులండీ."

"అయిపోయింది టైము," అన్నాడు ఇన్‌స్పెక్టర్ తలుపు దగ్గర్నుంచి.

"ఇంకా నాలుగు నిమిషాలుంది. ఉంచుకోండి, మీకు పనికొస్తాయి," అంటూ లేచింది భూతద్దం.

*

ఆమె బాబు వాళ్ళ మూడో అంతస్తు ఇంటికి చేరేసరికి పదకొండు దాటి పది నిమిషాలు. బాబు ఉన్న గది చూడడానికి కోర్టు ఇచ్చిన కాగితం చేతిలో ఉంది. వెనకే మెట్లెక్కుతూ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆ గదిలో ఆమెని ఒంటరిగా వదలడం అతనికి ఇష్టం లేదు.

తలుపు తీసింది బాబు తల్లి. నక్షాలు గీసే ఆఫీసులో పని. జుట్టు దువ్వుకోలేదు, చెప్పులు రెండూ రెండు జతల్లోవి. భర్త రైలు గార్డు. డాక్టరిచ్చిన నిద్రమాత్ర వేసుకుని లోపల పడుకున్నాడు. హాల్లో కిటికీ పక్క కుర్చీలో అమ్మమ్మ కూర్చుని ఉంది. డెబ్బై దగ్గర పడిన మనిషి, వెన్ను మాత్రం నిటారుగా ఉంది. రెండు వీధుల అవతల ఉంటుంది. ఆమె లేవలేదు, పలకరించలేదు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మీ ఎక్స్‌రే రిపోర్టు మీరు చదివారా?" అంది భూతద్దం నిలబడే.

"చదవకుండా కేసు పెడతానా? నాలుగు పక్కటెముకలు."

"రెండు కొత్తవి. మిగతా రెండూ విరిగి, మళ్ళీ అతుక్కుని, పైన ఎముక గట్టి పడినవి. కనీసం ఆరు వారాలయిందని రాశారు. ఆయా చేరింది ఇరవై ఆరు రోజుల కింద. చేరకముందే వచ్చి విరిచిపోయిందంటారా?"

ఇన్‌స్పెక్టర్ కాగితం తీసుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. పప్పులో కాలేశానని అతని ముఖమే చెప్పింది. కానీ ఆ ముఖం ఎక్కువసేపు అలా ఉండలేదు. మెల్లిగా తలెత్తి బాబు తల్లి వైపు తిరిగాడు.

"ఆరు వారాల కింద బాబుని ఎవరు చూసుకునేవారమ్మా?"

"నేనే. సెలవులో ఉన్నాను కదా."

"రాత్రిళ్ళు ఏడ్చేవాడా?"

"బాగా ఏడ్చేవాడు."

"నిద్ర ఉండేది కాదు. మీ ఆయన రైలు మీద పోతే నాలుగు రోజులకి గాని రాడు. ఒక్కరే. కోపం వచ్చేదా?"

ఆమెకి ప్రశ్న అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక గోడకి చేరబడిపోయింది. "నేనా? నా కొడుకునా?"

"దానికేం తెలీదు!" అమ్మమ్మ గొంతు హాలంతా మోగింది. "అడిగేదేదో నన్నడగండి. దాన్ని వదిలెయ్యండి."

భూతద్దం ఆమె వైపు చూసింది. ఆమె పేరు ఎవరూ ఎత్తకముందే ఎదురొచ్చిన మాట అది. ఆయాని బయటికి లాగబోయి కన్నతల్లిని లోపలికి తోశానని భూతద్దానికి ఆ క్షణంలో తెలిసింది. ఇన్‌స్పెక్టర్ అప్పటికే నోట్‌బుక్ తెరిచి కుర్చీలో కూర్చున్నాడు.

"థాంక్స్ మేడమ్. కేసు మీరే సరిచేసి పెట్టారు. ఆయా వదిలిపోయినా, ఈ ఇంటి నుంచి నేను వట్టి చేతులతో వెళ్ళను."

"అరగంట ఆగండి. గది చూసొస్తాను. మూడు రోజుల్లో ఇద్దర్ని అరెస్టు చేసి ఇద్దర్నీ వదిలితే పైవాళ్ళ దగ్గర మీకే బాగోదు."

*

పిల్లాడి గది చిన్నది. చుట్టూ కటకటాలున్న బుల్లి మంచం, పక్కన బట్టల బీరువా. ఇంత ఎండల్లో మంచం పక్కన గది వేడిచేసే హీటరు ఉంది. రెండు దుప్పట్లున్నాయి, రెండూ మందమైనవే.

గోడ మీద గళ్ళ కాగితం అంటించి ఉంది. తల్లి తన వృత్తి పనితనంతో గీసిన బాబు బరువు గీత. ఎనిమిదో వారం దాకా సరిగ్గా ఎక్కింది. అక్కడి నుంచి బల్లపరుపు. కింద పెన్సిలుతో ఒంటి వేడి అంకెలు రాసి ఉన్నాయి. ఒక్కటీ మామూలుగా ఉండాల్సినంత లేదు. కొట్టే చెయ్యి ఇంత జాగ్రత్తగా గీత గీస్తుందా, అనుకుంది భూతద్దం. గీయొచ్చు. అలాంటివాళ్ళనీ ఆమె చూసింది. గీత సాక్ష్యం కాదు.

బీరువా మీద రెండు ఫొటోలు. మూడో రోజుది ఒకటి: తల నిండా నల్లటి మెత్తని జుట్టు. రెండోది తల్లి ఒళ్ళో తీసినది, వెనక తారీఖు చూస్తే మూడో నెల. టోపీ పక్కకి జరిగి చెవి పైన ఒక వేలెడు జాగా కనిపిస్తోంది. జుట్టు పలచగా, రంగు వెలిసిపోయి, మొండి మొండిగా ఉంది.

తలగడ గలీబులు పన్నెండు. అన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి ఉన్నాయి. మంచం మీది దానితో సహా ఒక్క వెంట్రుక లేదు. దుప్పట్ల మీద కూడా లేదు. అయిదు నెలల పిల్లాడు పడుకున్న చోట ఒక్క వెంట్రుకయినా దొరక్కపోవడమే ఆమెకి దొరికిన మొదటి ఆధారం.

సొరుగులో ఊలు టోపీలు ఎనిమిది ఉన్నాయి. ఒకటి తిరగేసి చూసింది. లోపల నున్నటి సాటిన్ అస్తరు. అస్తరు ఊలుకి అతికిన కుట్టు దగ్గర, గోటితో విప్పితే, మూడు వెంట్రుకలు. పొట్టివి. విరిగినవి.

వాటిని నల్ల కాగితం మీద పెట్టి, మెళ్ళోని భూతద్దం కిందికి తెచ్చింది.

ఇరవై రెండేళ్ళలో లక్షల పోగులు చూసిన కన్ను అది. దారానికి పురి ఉంటుంది. పురి లేకపోతే దారం నిలవదు. వెంట్రుకకి పురి ఉండదు, కడ్డీలా పొడుగ్గా పోతుంది. కానీ ఈ మూడు వెంట్రుకలూ తమ చుట్టూ తామే మెలితిరిగి ఉన్నాయి. తిరిగిన ప్రతిచోటా ఒక మెరుపు, పక్కనే ఒక మసక, మళ్ళీ మెరుపు. ఒకదాన్ని సూది మొనతో తాకింది. పటుక్కున విరిగింది.

"ఏమిటి, జుట్టు మీద కూడా కేసు పెట్టమంటారా?" ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మనుషులెవరూ చెయ్యని పనికి మీరు మనుషుల్ని పట్టుకుంటున్నారేమో. ఇటు రండి, చూడండి."

అతను వంగి చూశాడు. వెటకారంగా ఏదో అనబోయి ఆగిపోయాడు. "ఇదేంటి, తాడులా ఉంది?"

భూతద్దం ఫోన్ తీసి బాబు పోయిన పెద్దాసుపత్రిలోనే పనిచేసే పిల్లల డాక్టరమ్మకి కలిపింది. ఇద్దరిదీ మిల్లు రోజుల నాటి పరిచయం. దూది దుమ్ముతో దగ్గే కార్మికుల పిల్లల్ని అప్పట్లో ఆ డాక్టరమ్మే చూసేది. స్పీకరు పెట్టి, తాను చూసినవన్నీ వరసగా చెప్పింది: నిలవని మెడ, చల్లటి ఒళ్ళు, ఎనిమిదో వారం దగ్గర ఆగిన బరువు, ఫిట్స్, మెదడు చుట్టూ నెత్తురు, వేర్వేరు కాలాల్లో విరిగిన పక్కటెముకలు, చివరికి జుట్టు.

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది.

"నా సర్వీసు మొత్తంలో ఇద్దర్నే చూశాను," అంది డాక్టరమ్మ. "సోమవారం నేను ఊళ్ళో లేను. ఉండి ఉంటే ఆ తలని ఒక్కసారి నిమిరేదాన్ని. ఇది రాగి పని."

"రాగి అంటే... విషమా?" ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చాడు. "కరెంటు తీగల్లో ఉంటుంది, ఆ రాగేనా?"

"ఆ రాగే. కానీ ఎక్కువై కాదు, లేక. మన ఒంటికి రాగి చిటికెడు చాలు, ఆ చిటికెడు లేకపోతే మాత్రం కుదరదు. తిన్నదాంట్లోంచి పేగులోని కణాలు దాన్ని తీసుకుంటాయి. తీసుకుని నెత్తురులోకి పంపాలి. పంపడానికి కణంలో ఒక తలుపు లాంటిదుంటుంది. కొంతమంది మగపిల్లలు ఆ తలుపు లేకుండానే పుడతారు. గోడౌనుకి సరుకు వస్తూనే ఉంటుంది, బయటికి పోదు. గోడౌను నిండిపోతుంది, ఊరు పస్తుంటుంది. మెదడుకి రాగి అందదు. నెత్తురు గొట్టాల గోడలు గట్టిపడవు, వాటంతటవే చిట్లుతాయి. ఎముకలు పెళుసు. వెంట్రుక మెలితిరుగుతుంది. అలాంటి బిడ్డ పక్కటెముక విరగాలంటే కొట్టక్కర్లేదు, చంకల్లో చేతులేసి ఎత్తితే చాలు."

గుమ్మం పక్కన బాబు తల్లి వచ్చి నిలబడింది. ఆమె అరచేతులు తిప్పి చూసుకుంటోంది.

"రుజువు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో మునుపటి బిగువు లేదు.

"సోమవారం తీసిన నెత్తురు మా ఫ్రిజ్‌లో ఇంకా ఉంది. రెండు గంటలివ్వండి. ఈలోపు మీరొకటి కనుక్కోండి. ఈ లోపం తల్లి వైపు నుంచి వస్తుంది. ఆడవాళ్ళు దాన్ని మోస్తారు, వాళ్ళకేం కాదు. పోయేది మగపిల్లలు. ఆ తల్లి పుట్టింట్లో మగపిల్లలు బతికారా?"

*

అమ్మమ్మ కుర్చీ ఎదురుగా భూతద్దం చిన్న పేము మోడా వేసుకుని కూర్చుంది. టోపీని ఆమె ఒళ్ళో పెట్టింది.

"అల్లిక మీదేనా?"

"నాదే."

"చక్కగా ఉంది. ఒక్క ముడి కూడా తప్పలేదు. మరి ఊలు టోపీకి సాటిన్ అస్తరు దేనికి?"

"పిల్లాడికి గరుకు తగలకూడదని."

"సాటిన్‌కి వెంట్రుక అంటుకోదు. దులిపితే పోతుంది. గలీబులు కూడా రోజూ మీరే పట్టుకెళ్ళి ఉతికి తెచ్చేవారు. స్నానం మీరే చేయించేవారు. ఆ తలని ఇంకొకళ్ళు చూడకూడదు."

అమ్మమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"మీకెంతమంది పిల్లలు?"

"ఇద్దరాడపిల్లలు."

"నేనడిగింది ఎంతమందిని కన్నారని."

"అమ్మకి మేమిద్దరమేనండీ," అంది బాబు తల్లి. "నేనూ, మా చెల్లీ."

"మీ అమ్మగారు చెప్తారు," అంది భూతద్దం, చూపు తిప్పకుండా.

గోడ గడియారం ఒంటిగంట కొట్టింది. టోపీ అంచుని అమ్మమ్మ వేళ్ళు నలుపుతున్నాయి. ఇన్‌స్పెక్టర్ ఏదో అడగబోతే భూతద్దం చెయ్యెత్తి ఆపింది.

"నలుగురు," అంది అమ్మమ్మ చివరికి.

కూతురు "అమ్మా?" అంది.

"నీకు ముందు ఇద్దరు. మొదటివాడు ఏడు నెలలు బతికాడు. రెండోవాడు పదకొండు. పుట్టినప్పుడు ముత్యాల్లా ఉన్నారు. మూడో నెలకి జుట్టు మారింది. పీచులా, రంగు లేకుండా. మా పుట్టింట్లో మా అమ్మకి కూడా ఒక మగపిల్లాడు అలాగే పోయాడట, మా పిన్ని చెప్పింది. రెండోవాడికి చెయ్యి విరిగింది. నేను బట్టలు తొడుగుతుంటే విరిగింది. తొడుగుతుంటే! మా అత్తగారు వీధిలో నిలబడి నలుగురికీ చెప్పింది, కన్నకొడుకు చెయ్యి విరిచిన రాక్షసినని. వాడు పోయాక ఒక్కళ్ళూ నాతో మాట్లాడలేదు. మీ నాన్న నన్ను ఆ ఊరు దాటించి తీసుకొచ్చేశాడు. ఆ పిల్లల మాట ఇంట్లో ఎత్తొద్దన్నాడు. ఎత్తలేదు."

"మనవడి జుట్టు మారినప్పుడు మీకు తెలిసిపోయింది," అంది భూతద్దం.

"ఆ రోజే తెలిసింది. నా వేళ్ళకి ఆ స్పర్శ తెలీదా?"

"నాతో ఒక్క మాట చెప్పి ఉంటే..." కూతురు తల్లి ఎదురుగా వచ్చి నిలబడింది. "డాక్టరుకి చెప్పేదాన్ని కదమ్మా. ఆయన బలానికి మందు రాసిస్తే ఆ చుక్కలు లెక్కపెట్టి పోశాను నేను."

"చెప్తే ఏం చేసేవాళ్ళు? అప్పుడూ ఎవరూ ఏం చెయ్యలేదు. ఉన్నన్నాళ్ళు వాణ్ణి చూసి నువ్వు నవ్వుకోవాలనుకున్నాను."

"మరి ఆయా?" భూతద్దం గొంతు పెరగలేదు. కానీ ఇన్‌స్పెక్టర్ కూడా కుర్చీలో కదిలాడు. "మూడు రోజుల్నుంచి ఆమె సెల్‌లో ఉంది. మిమ్మల్ని రాక్షసి అన్నప్పుడు ఎలా ఉండిందో మీకు తెలుసు. అదే మాట ఇంకో ఆడమనిషి పడుతుంటే మీరు ఈ కిటికీ పక్కన కూర్చున్నారు."

అమ్మమ్మ మొదటిసారి తల దించింది. "నోరు తెరుద్దామనే ప్రతి పొద్దున్నా అనుకున్నాను. తెరిస్తే నా కూతుళ్ళ మీదికి వస్తుందని భయం వేసింది. మూసుకున్నాను. అది నా తప్పే."

ఫోన్ మోగింది. ఒంటిగంటా యాభై రెండు. భూతద్దం స్పీకరు నొక్కింది.

"ఈ వయసు పిల్లాడి నెత్తురులో రాగి అంకె డెబ్బైకి తగ్గకూడదు," అంది డాక్టరమ్మ. "ఉన్నది పదకొండు. రాగిని మోసే ప్రోటీను కూడా అడుగంటింది. జన్యు పరీక్షకి కూడా పంపాను, అది నెల పడుతుంది. కానీ ఆ వెంట్రుకలూ ఈ అంకే చాలు. ఇది హత్య కాదని నేను కోర్టుకొచ్చి చెప్తాను. కాగితం సాయంత్రానికి ఇస్తాను."

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. తన పోలీసు టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత స్టేషన్‌కి ఫోన్ చేసి, ఎవరి ముఖం చూడకుండా మాట్లాడాడు. "ఆ ఆయాని సెల్‌లోంచి తీసి నా గదిలో కూర్చోబెట్టండి. మంచినీళ్ళివ్వండి. వాళ్ళాయనకి కబురు పంపండి. విడుదల కాగితం రేపు కోర్టులో నేనే వేస్తాను." ఫోన్ పెట్టేసి భూతద్దంతో అన్నాడు, "మీరేం అనక్కర్లేదు."

"అనను. ఆమెతో మీరే అనాలి," అంది భూతద్దం.

"ఇంకా లైన్లోనే ఉన్నావా?" డాక్టరమ్మ గొంతు మళ్ళీ వినిపించింది. ఈసారి కంగారు ఉంది అందులో. "ఆ తల్లికి అక్కచెల్లెళ్ళెవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ళకి పిల్లలున్నారా?"

"మా చెల్లికి బాబు పుట్టాడండీ," అంది బాబు తల్లి ఫోన్ దగ్గరికి వంగి. "వాళ్ళ అత్తగారి ఊళ్ళో. ఇవాళ్టికి పదహారు రోజులు. కానీ వాడి జుట్టు నల్లగా, మెత్తగా ఉంది, ఫొటో పంపింది."

"మొదట అందరికీ అలాగే ఉంటుంది. ఆ వయసులో నెత్తురులో అంకె చూసినా తేలదు, వేరే పరీక్ష చెయ్యాలి. వాడికి ఉండొచ్చు, లేకపోవచ్చు. ఉంటే మాత్రం ఒక దారి ఉంది, వినండి. పేగుని తప్పించి, రాగిని సూదితో చర్మం కిందికి ఎక్కిస్తారు. అందరికీ పనిచెయ్యదు. పనిచేసిన పిల్లలు నడిచారు, మాట్లాడారు. కానీ పుట్టిన ఇరవై ఎనిమిది రోజుల్లోపు మొదలుపెట్టాలి. మెదడు ఒకసారి ఎండిపోయాక ఎంత పోసినా లాభం లేదు."

"ఇంకా పన్నెండు రోజులుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పరీక్ష ఫలితం రావడానికే నాలుగైదు పోతాయి. మందు తెప్పించడానికి ఇంకో మూడు. పన్నెండు కాదు, నాలుగో అయిదో అనుకోండి. ఈ సాయంత్రం బిడ్డ నా ఎదురుగా ఉండాలి."

బాబు తల్లి అప్పటికే చెల్లెలి నంబరు నొక్కింది. స్విచాఫ్. మళ్ళీ నొక్కింది. స్విచాఫ్. మరిది ఫోన్ మూడో రింగుకి ఎత్తాడు.

"అదేంటి వదినా, నన్నడుగుతారు? పొద్దున ఆరున్నరకే బాబుని తీసుకుని మీ ఇంటికని బయల్దేరిందిగా. మీకు తోడుగా ఉంటానంది. తొమ్మిదింటికల్లా వచ్చి ఉండాలే?"

గడియారంలో రెండూ అయిదు. రెండున్నర గంటల ప్రయాణానికి ఏడున్నర గంటలు దాటాయి.

అమ్మమ్మ లేచి నిలబడి ఉంది. ఆమె ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. కుర్చీ వీపు రెండు చేతులా పట్టుకుని, ఆమె చూస్తున్నది ఫోన్ వైపు. "సూది ఉందా?" అంది నమ్మలేనట్టు. "దీనికి మందుందా?"

భూతద్దం ఆమె దగ్గరికి వెళ్ళింది. "మీరేం చేశారు?"

"నిన్న సాయంత్రం ఈయన ఇక్కడే నిలబడి అన్నాడు," ఆమె ఇన్‌స్పెక్టర్ వైపు వేలు చూపింది. "ఆయాతోనే ఆగను, ఈ ఇంటి చేతుల్లో పెరిగే ప్రతి పిల్లాణ్ణీ పరీక్షిస్తాను, ఒంటి మీద ఒక్క దెబ్బ కనపడినా ఎవర్నీ వదలనన్నాడు. రేపు వాడికీ జుట్టు మారుతుంది, వాడి ఎముకా విరుగుతుంది. అప్పుడు నా చిన్నదాన్ని సంకెళ్ళేసి తీసుకుపోతారు. రాత్రంతా ఆలోచించాను. తెల్లారగట్ల దానికి ఫోన్ చేసి పోయిన నలుగురు మగపిల్లల గురించీ చెప్పేశాను. బిడ్డని తీసుకుని వెళ్ళిపొమ్మన్నాను. వాడు ఉన్నన్నాళ్ళూ ఎవరి కంటా పడొద్దన్నాను. ఫోన్ పారెయ్యమన్నాను."

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ ఫోన్ తీశాడు. "ఎక్కడికి? ఏ బస్సు? ఏ ఊరు? త్వరగా చెప్పండమ్మా, స్టేషన్లన్నిటికీ ఇప్పుడే చెప్తాను!"

అమ్మమ్మ తల అడ్డంగా ఊపింది.

"నాకు తెలీదు. ఎక్కడికెళ్తున్నావో నాతో కూడా చెప్పొద్దన్నాను. తెలిస్తే, మీరు అడిగినప్పుడు చెప్పేస్తానని."